అందరూ అక్కలే, ఒక్కరు తప్ప

మైకు పట్టుకున్న మనిషి మీద రాధాబాయికి కోపం వచ్చింది. అదీ మొదటి రోజే, చూసిన గంటలోపే.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై నర్సింహులపేటలో బడులకు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మండల ఆఫీసు ముందు టెంటు లేచింది. రోజుకు కొందరు రిలే దీక్షకు కూర్చోవాలి. పొద్దున వాళ్ల మెడలో బంతిపూల దండ వేస్తారు, సాయంత్రం నిమ్మరసం తాగించి దీక్ష విడిపిస్తారు. ఆ రోజు కూర్చున్నది టీచర్లు. పేర్లు పిలిచే పని మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు నిరంజన్‌ది. గొంతు బాగుంటుందని మైకు ఆయనకే అప్పజెప్పారు.

ఆయన చీటీ విప్పాడు. దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. చెయ్యి సాగినంత దూరం జరిపినా అక్షరాలు లొంగలేదు. ముందు వరసలో కూర్చున్న రాధాబాయి వైపు వంగాడు.

"టీచర్, మీ అద్దాలు జర ఇస్తరా? నావి ఇంట్ల మరిచిన."

ఇచ్చింది. ఎర్ర ఫ్రేము ఆడవాళ్ల అద్దాలు ఆయన గుబురు మీసాల పైన కూర్చోగానే టెంటంతా గొల్లుమంది. ఆయనకు ఆ నవ్వులేవీ పట్టలేదు.

"అరె, నా నంబరే!" అన్నాడు పండగ బట్టలు దొరికిన పిల్లాడిలా. ఆ మాట మైకులో వినబడి ఇంకోసారి నవ్వులు లేచాయి.

రాధాబాయి కూడా నవ్వింది. బయట సన్నగా వాన పడుతోంది. చత్వారం వచ్చిన ఇద్దరు మనుషుల చూపు ఒకే కొలతలో ఉండటం ఎందుకో తమాషాగా అనిపించింది. అంతలో ఆయన పిలవడం మొదలుపెట్టాడు.

"కల్యాణక్క! లక్ష్మక్క! రాజక్క!"

ఒక్కొక్కరూ లేచి దండ వేయించుకుంటున్నారు. తర్వాత తనే. రాధాబాయి కొంగు సర్దుకుంది.

"రాధాబాయి గారు!"

అంతే. అక్క లేదు.

ఉద్యమంలో అందరూ అన్నలే, అందరూ అక్కలే. టెంటు పక్కన ఛాయ్ అమ్మే ఆమె అక్క. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ భార్య అక్క. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన రాజీకి పాతికేళ్లు కూడా లేవు, ఆమె కూడా రాజక్కే. అలాంటిది తనొక్కతే 'గారు' అయి మిగిలిపోయింది.

ఆమెకు ఇలాంటివి కొత్త కాదు. ట్రైనింగ్ రోజుల్లో ఆమె తెచ్చిన జొన్నరొట్టెను పక్కమ్మాయి ముట్టలేదు. ఊళ్లో అద్దె ఇల్లు అడిగితే, "ఏ తండా మీది?" అని అడిగి, ఆ తర్వాత ఇల్లు ఖాళీ లేదన్నారు. మర్యాదగా దూరం పెట్టడం ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఈ 'గారు' కూడా ఆ బాపతే అనుకుంది.

సాయంత్రం నిమ్మరసం తాగుతూ కల్యాణితో అంది. "చూసినవా, అందరు అక్కలంట. నేను గానంట."

తోటి టీచరు కల్యాణికి ప్రతిదీ సరదాయే. "అక్క అనకుంటే ఏమాయెనే? ముసలిదాన్ని చెయ్యలేదని సంబరపడు."

"గది గాదు కల్యాణీ."

"మరి నీ అద్దాలే ఎందుకడిగిండు? నా అద్దాలు గూడ ముక్కు మీదనే ఉండె గద?"

రాధాబాయి మిగిలిన నిమ్మరసం గటగటా తాగేసి లేచింది.

రోజులు వానలో నానుతూ గడిచాయి. పాటలు, ఉపన్యాసాలు, మధ్యమధ్య ఛాయ్. నిరంజన్ రోజూ అద్దాలు మరిచేవాడు, రోజూ అడిగేవాడు. తిరిగి ఇచ్చేటప్పుడు తన రుమాలుతో శుభ్రంగా తుడిచి ఇచ్చేవాడు. అవి మళ్లీ పెట్టుకుంటే రాధాబాయికి టెంటు, వాన, ఎదురుగా తడుస్తున్న వేపచెట్టు అన్నీ కడిగినట్టు కనిపించేవి. మైకులో ఆయన గొంతు వింటూ ఆమె ఎక్కడికో వెళ్లిపోయేది. నాయిన పోయినప్పటి నుంచి తమ్ముళ్ల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఆమే చూసింది. ఆమె పెళ్లి గురించి అడిగేవాళ్లు నలభై దాటగానే అడగడం మానేశారు. ఆ ప్రశ్న ఆగినందుకు హాయిగా ఉందో, గుబులుగా ఉందో ఆమెకే తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. గుబులే.

అంతలో నినాదాలివ్వడానికి రమ్మంటూ, "రాధాబాయి గారు!" అని వినబడేది. ఉలిక్కిపడి మళ్లీ కోపం తెచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం నిరంజన్ కూతురు స్పందన వచ్చింది. హన్మకొండలో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, కాలేజీ బంద్ కావడంతో ఇంటికి చేరింది. తల్లి లేని పిల్ల అని కల్యాణి చెవిలో చెప్పింది. పిల్ల పదో తరగతిలో ఉండగా తల్లి పోయిందట. ఆ పిల్ల నేరుగా వచ్చి రాధాబాయి పక్కన కూర్చుంది.

"మిమ్మల్ని ఆంటీ అనొచ్చా?"

"అను బిడ్డా. ఆ వయసే గద."

"మా డాడీ వద్దన్నడు. టీచర్ అనమన్నడు." పిల్ల కళ్లలో కొంటెతనం. "ఇంకోటి చెప్పాల్నా? ఆయన అద్దాలు రోజు జేబులనే ఉంటయ్. నేనే పెట్టి పంపుత."

రాధాబాయి ముక్కు మీది అద్దాలు సర్దుకుంది. "మరి మరిచిన అంటడు?"

"మీసాలకు రంగు గూడ ఏస్తుండు. సమ్మెకు రంగెందుకు డాడీ అంటే మాట దాటేసిండు." స్పందన గొంతు తగ్గించింది. "సమ్మె అయిపోంగనే భూపాలపల్లికి ప్రమోషన్. అందరు స్వీట్లు అడుగుతుంటే మొఖం మాడ్చుకొని తిరుగుతుండు."

భూపాలపల్లి. ఇక్కడికి అదేమీ దగ్గర కాదు. టెంటు పీకేస్తే మైకు ఉండదు, అద్దాలు అడిగే మనిషీ ఉండడు. సమ్మె గెలవాలి, తొందరగా గెలవాలి అని పొద్దుటి నుంచి నినాదాలిస్తున్న రాధాబాయికి, ఇంకొన్నాళ్లు సాగితే బాగుండునని మొదటిసారి అనిపించింది. సిగ్గుపడి ఇంకాస్త గట్టిగా నినాదమిచ్చింది.

వంటావార్పు రోజు వచ్చింది. మానుకోట పోయే రోడ్డు మీదే రాళ్లు పెట్టి పొయ్యిలు ముట్టించారు. పెద్ద గంజులో కిచిడీ ఉడుకుతోంది. నిరంజన్ ఉల్లిగడ్డలు కోసి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఉన్నట్టుండి వాన దంచింది. జనమంతా టెంటులోకి ఉరికారు. పొయ్యి ఆరిపోకుండా గొడుగు పట్టుకుని రాధాబాయి నిలబడింది. గరిటె వదలకుండా నిరంజన్ నిలబడ్డాడు. గొడుగు ఒక్కటే. గంజుకు సగం, ఇద్దరికీ కలిపి సగం.

ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననుకుంది.

"ఒకటి అడుగుత. నిజం చెప్పాలె."

"అడుగుండ్రి."

"ఊరందరిని అక్క అంటరు. నన్నెందుకు అనరు? తండ మనిషిననా?"

గరిటె ఆగిపోయింది.

"గట్లనుకున్నరా? ఇన్ని రోజులు గదే మనసుల పెట్టుకున్నరా?"

"ఇంకేమనుకోవాలె?"

ఆయన గరిటెతో కిచిడీని ఒకసారి అడుగునుంచి కలిపాడు. "అక్క అంటే ఇగ అక్కనే గద టీచర్. ఒక్కపారి నోట్లకెళ్లి వచ్చిందంటే తలుపేసినట్టే. మీ కాడ ఆ తలుపు ఎయ్యబుద్ధి కాలే."

వాన చప్పుడులో ఆ మాట ఆమెకు కొంచెం ఆలస్యంగా చేరింది. చేరాక చెవులు వేడెక్కాయి. గొడుగు పక్కకు ఒరిగి ఆయన భుజం తడిసిపోతున్నా చూసుకోలేదు.

"నాకు నలభై ఆరు," అంది. ఏదో అభ్యంతరం చెప్పినట్టు.

"నాకు యాభై. రఘునాథపల్లిల మా సరోజనక్క నాకోసం ముప్పై ఏండ్ల పిల్లను చూసింది. వండిపెడ్తదట. 'వండుడు నాకొస్తదక్కా, నా నంబరు అద్దాలు పెట్టుకునే మనిషి గావాలె నాకు' అని ఆమెతోని అన్న. మోకాళ్లు నొస్తున్నయంటే నవ్వకుండ, నావి గూడ అనేటి మనిషి."

"మీ అక్క నన్ను ఒప్పుకుంటదా?"

"ఒప్పుకోదు. కొన్ని రోజులు మాట్లాడదు. తర్వాత తనే ఫోన్ చేసి ఏం కూర వండినవ్ రా అంటది." ఆయన ధైర్యం కూడగట్టుకున్నాడు, కొంచెం గర్వం కూడా. "అందుకే చూడుండ్రి, మైకులనైతేంది, బయటనైతేంది, ఒక్కనాడు గూడ మిమ్మల్ని అక్క అనలే. ఎంత జాగ్రత్త పడ్డనో నాకే ఎరుక!"

రాధాబాయికి నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. గొడుగు ఊగిపోయేలా నవ్వింది.

"ఏమైంది?"

"మా లంబాడీ భాషల బాయి అంటే ఏందో ఎరుకేనా మీకు?"

"ఏంది?"

"అక్క."

నిరంజన్ నోరు తెరిచాడు, మూశాడు. "అంటే... రోజు...?"

"రోజు. మైకుల. ఊరంత ఇనంగ."

కిచిడీ అడుగంటిన వాసన వచ్చింది. ఇద్దరికీ పట్టలేదు.

"ముందు నన్నేమని పిలుస్తరో తేల్చుకోండ్రి," అంది రాధాబాయి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. అవి నవ్వినందుకు వచ్చినవో, మరెందుకు వచ్చినవో ఆమెకు తెలియలేదు. "అప్పుడు నా జవాబు చెప్త."

ఆ సాయంత్రం తండాలో తల్లి లాలికి అంతా చెప్పింది. లాలి మంచం పట్టె పట్టుకుని ఒకటే నవ్వు. "బాయి అనుకుంట పెండ్లి అడిగిండా!"

"ఈ వయసుల నలుగురు నవ్వరా, యాడీ?"

అమ్మను ఆమె పిలిచే పిలుపు అది. లాలి నవ్వు ఆపి కూతురి చెంప పక్కనున్న తెల్లవెంట్రుకలు చెవి వెనక్కి దోపింది.

"నవ్వనీ. పెండ్లికి నవ్వకుంటే దేనికి నవ్వుతరు? నీ తలల తెల్లెంట్రుక చూసి నేను ఏడ్చిన బిడ్డా, నా పనులల్ల పడి నీ ముచ్చట మరిచిన అని. ఆయన గదే తెల్లెంట్రుకను చూసుకుంట అడిగిండు. మంచోడే."

తర్వాతి రోజుల్లో నిరంజన్ టెంటుకు వచ్చాడు గాని, ఆమెను ఏమనీ పిలవలేదు. చూస్తాడు, నోరు తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. ఆ అవస్థ చూసి స్పందన, కల్యాణి ఒకరినొకరు గిల్లుకునేవారు.

సమ్మె విరమిస్తున్నారని కబురొచ్చింది. చివరి దీక్షకు మళ్లీ మొదటి రోజు కూర్చున్న టీచర్లే కూర్చున్నారు. ఎప్పుడూ రాని లాలి కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. సన్నటి వాన. ఆయన అడగకముందే రాధాబాయి అద్దాలు తీసి ఇచ్చింది.

"కల్యాణక్క! లక్ష్మక్క! రాజక్క!"

ఒక్క పేరు మిగిలింది. నిరంజన్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అద్దాలు తీశాడు, రుమాలుతో తుడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. ఆ పేరుకు ఆయనకు అద్దాలు అక్కరలేదు.

"రాధ," అన్నాడు.

మైకు కొంచెం గరగరలాడింది. పుట్టిన ఇన్నేళ్లలో ఆ పేరు అంత చిన్నగా, అంత నిండుగా ఎవరూ పిలవలేదు. ఆమెకు అందరి ముందూ కళ్లు నిండాయి.

"ఆఁ, వస్తున్న," అంది.

లేస్తుంటే మోకాళ్లు కలుక్కుమన్నాయి. ఆడవాళ్లకు దండలు వేసేది కల్యాణి. తన చేతిలోని దండను నిరంజన్ చేతికిచ్చి పక్కకు తప్పుకుంది. ఆయన దండ పట్టుకుని లాలి వైపు చూశాడు. లాలి తలూపింది. రాధ తల వంచింది. టెంటు ఊగిపోయేలా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది స్పందనే.

కల్యాణి మైకు లాక్కుంది. "అన్నలారా, అక్కలారా! ఇగ గిది రిలే దీక్ష గాదు, ఆమరణ దీక్ష!"

నవ్వుల మధ్య రాధ అద్దాలు పెట్టుకుంది. ఎదురుగా ఆ మనిషి ముఖం స్పష్టంగా కనిపించింది, రంగు వెలిసిన మీసాలతో సహా.

"అయితే నిమ్మరసం ఎవ్వలు తెచ్చినా తాగ," అంది.