మొదటి ఫోన్ ఎవరికి?

ప్లాటు కాగితాలు జిరాక్స్ తీయిద్దామని పొద్దున్నే మేడ్చల్ వెళ్లిన జనార్ధన్, అరగంటకే గౌడవెల్లి తిరిగొచ్చాడు. బండికి స్టాండు వేయకుండానే గోడకు ఆనించి ఇంట్లోకి దూసుకొచ్చాడు.

"స్నిగ్ధా! ఇటు రా!"

ఆ కేకకు వంటింట్లో భార్య నర్సమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. కూతురు తడి జుట్టుతోనే బయటికొచ్చింది. సరుకు ఓడలో ఆఫీసరు ఆమె. సెలవు అయిపోయింది, ఎల్లుండే ప్రయాణం.

"నువ్వు మోసేది ఏం సరుకే?"

తండ్రి చేతిలో కాగితాలు చూసి ఆమె మొహం పాలిపోయింది. నిన్న జిరాక్స్ షాపులో మరిచిపోయిన తన కాంట్రాక్టు కాపీ.

"బియ్యం అన్నవ్ గదా! అణు చెత్తనట! నవ్వుకుంట జెప్పిండు జిరాక్స్ కుర్మయ్య. నా బిడ్డ సంగతి నాకు వాడు జెప్పాల్నా?"

"ఏ దారిన పోతమో ఎవ్వరికీ చెప్పొద్దని రూలుంది నాయినా."

"దారి ఎవడడిగిండు? సరుకు అడిగిన!"

"మందపాటి ఉక్కు పీపాలల్ల పెడ్తరు. నిప్పుల, నీళ్లల్ల పరీక్ష జేసినవే. ఏమన్నయితే దగ్గర్ల ఉన్న దేశానికి వెంటనే తెలియజెయ్యాలె. అన్నీ రాసిపెట్టి ఉంటయి."

"దేశాలకు జెప్తరు! కన్నోళ్లకు జెప్పరు!"

ఆ మాటతో స్నిగ్ధకూ తిక్క రేగింది.

"నీ గుండెల స్టెంటేసిన్రు. నాకెప్పుడు తెలిసింది? రెండు నెలలకు! అదీ పాలు పోసే సుక్కమ్మ ఫోన్ల నోరు జారితే!"

"నడి సంద్రంల ఉన్నవ్, పరేషానైతవని..."

అంటుండగానే జనార్ధన్‌కు తట్టింది. కూతురు దాచిందీ అందుకే. అది తెలిశాక కోపం ఇంకా పెరిగింది. కాగితాలు విసిరికొట్టబోయాడు. చివరి పేజీ కంటబడింది. ప్రమాదం జరిగితే ముందుగా ఎవరికి తెలపాలి? ఆ గడిలో అల్వాల్‌లో ఉండే కొడుకు పేరుంది. అన్వేష్.

"నేను సచ్చిపోయిన్నా?"

"సచ్చిపోతవనే భయం!" స్నిగ్ధ అరిచింది. "అసొంటి ఫోనొస్తే నీ గుండె ఆగుతది. గందుకే అన్న పేరు రాసిన."

నర్సమ్మ స్టవ్ కట్టేసింది. జనార్ధన్ కుర్చీలో కూలబడ్డాడు. జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

"కొట్టెయ్ వాని పేరు. నాది రాయి. మంచో చెడో, మొదటి ఫోన్ నాకే రావాలె."

స్నిగ్ధ పెన్ను ముట్టుకోలేదు. అల్మారా తెరిచి ఆయన హాస్పిటల్ ఫైలు తెచ్చి ముందు పెట్టింది.

"ముందుగాల్ల నువ్వు దీన్ల నా పేరు రాయి."

కోపంగానే ఫైలు లాక్కున్నాడు జనార్ధన్. కళ్లు మసకబారి గడి కనిపించలేదు.

"యాడ రాయాల్నో సూపియ్," అని కసిరాడు.

స్నిగ్ధ పక్కన కూర్చుని, ఆయన వేలు పట్టుకుని గడి మీద పెట్టింది.