ప్లాస్టిక్ గడ్డి మీద నడిచింది

జాలరిపేటకి ఎగువన మేం అద్దెకున్న ఇంటి పెరట్లో, నూతికీ వంటింటి గుమ్మానికీ మధ్య... గడ్డి మొలవదు.

మట్టి తెచ్చి పోసినవాళ్ళున్నారు. పేడ వేసినవాళ్ళున్నారు. మొలవదు. ఎప్పుడో ఎవరో ఆడమనిషి ఆ నూతిలో పడిపోయిందట. చీకటి పడ్డాక పైకొచ్చి వంటింటి గుమ్మం దాకా నడుస్తుందట. "నిప్పుందా అమ్మా..." అని అడుగుతుందట. ఆవిడ నడిచే దారి గనక అక్కడ పచ్చగా ఏదీ బతకదట.

ఇవన్నీ నేను విన్నవి. విని నవ్వాను కూడా. పగటిపూట.

ఆ పెరటికి గడ్డి కావలసిన అవసరం ఎనభై మూడులో పడింది. ఒక కుక్క వల్ల.

నేను హార్బరులో ఓ ఓడల ఏజెంటు దగ్గర గుమస్తాని. ఏదో విదేశీ ఓడ వెళ్తూ వెళ్తూ ఒక నల్లకుక్కని రేవులో వదిలేసి పోయింది. బొగ్గు కూడా దాని పక్కన తెల్లగా కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి కెప్టెన్ అని పేరు పెట్టాను. నా మాట వినే కెప్టెన్ ఒక్కడైనా ఉండాలని. ఇదీ వినలేదు.

ఓడ డెక్కు మీద పరిచే ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి మీద పెరిగిన జీవి అది. ఇసుక మీద పని కానిచ్చేది కాదు. మెత్తటి చోటు కావాలి. మా ఆవిడ కనకరత్నం చాప, దుప్పటి, ఒకసారి నా పెళ్ళినాటి లాల్చీ... అన్నీ అయ్యాయి.

"ఆదివారం దాకా సూత్తాను," అంది రత్నం. "అప్పటికీ ఇంట్లోనే పోత్తే, మా తమ్ముడితో సబ్బవరం పంపించేత్తాను."

తమ్ముడు తాతబాబు శనివారమే దిగిపోయాడు. "మా వంగతోటకి కాపలా కావాల బావ," అన్నాడు కుక్క వీపు తడుముతూ. కుక్క నావైపు చూసింది. ఇంట్లో నాతో సమానంగా తిట్లు తినే తోడు అదొక్కటే.

ఓ ఓడ మీద పాతబడి తీసేసిన ప్లాస్టిక్ గడ్డి అడిగి తెచ్చుకున్నాను. ఆ పచ్చ చుట్ట రిక్షాలో వేసుకొస్తుంటే రెండు మేకలు ఇంటిదాకా వెంటపడ్డాయి.

నూతికీ గుమ్మానికీ మధ్య నేల చదును చేశాను. ఇసుక పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టాను. ముక్కల్ని దబ్బనంతో కుట్టి, అంచుల చుట్టూ మేకులు దిగ్గొట్టాను. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

తాతబాబు వచ్చి చూశాడు. "బావ, గడ్డి కిందకి మొలుత్తందేటి?"

తిరగేసి పరిచినట్టు అప్పుడు తెలిసింది. మళ్ళీ మొదటినుంచీ చేశాను. చివర్న శుభ్రత కోసం సీసాడు ఫినాయిలు పోసి కడిగాను. కెప్టెన్ వచ్చింది, వాసన చూసింది, తుమ్మింది... మళ్ళీ చాప మీదకి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చాను. సగం నిద్రలో, గోడ అవతల చేపలు ఎండబెట్టుకునే కాసులమ్మ గొంతు వినిపించింది. ఆ ముందురోజే కంపు కొడుతున్నాయని ఆవిడతో తగువు పడ్డాను.

"బాబూ... నీ గడ్డి మీద శాప నీళ్ళు సల్లేసినాను. సీకటి పడనీ... అదే వొత్తాది."

నిద్ర ఎగిరిపోయింది. శాప నీళ్ళా? శాపం పెట్టిన నీళ్ళా? అది... ఏది?

చీకటి పడింది. పడగానే కరెంటు పోయింది. ఆకాశంలో చంద్రుడు కూడా లేడు. కుక్క ఎక్కడుందో కనపడదు. నేనూ తాతబాబూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాం.

నూతి దగ్గర... నీలంగా ఒక చుక్క వెలిగింది.

పక్కన ఇంకొకటి. వెనకాల రెండు.

కదిలాయి. ఒకదాని తర్వాత ఒకటి, తాపీగా, నేలకి ఆనుకుని. అడుగు పడ్డచోటల్లా గడ్డి నీలంగా మెరిసి ఆరిపోతోంది. ఆ వెలుగుల పైన మాత్రం... ఏమీ లేదు. ఉత్త చీకటి.

"బావ," తాతబాబు నా భుజం పట్టుకుని గుసగుసలాడాడు. "నిప్పు లేదని సెప్పు."

"నువ్వు చెప్పు."

"ఇల్లు నీది కదా."

"అద్దెది..."

వెలుగులు ఆగాయి. మాకు నాలుగు అడుగుల దూరంలో. అప్పుడు... వెనకనున్న ఒక వెలుగు మెల్లిగా గాలిలోకి లేచింది. లేచి, అక్కడే నిలబడిపోయింది.

తర్వాత చప్పుడు. సుర్ర్‌ర్...

మా వెనకనుంచి రత్నం లాంతరు పట్టుకుని వచ్చింది. వెలుగు పడ్డమేరా పచ్చగడ్డి. దాని మీద మూడు కాళ్ళ మీద నిలబడి, ఎంతో నిమ్మళంగా, కెప్టెన్.

గోడ మీదనుంచి కాసులమ్మ నవ్వింది. "వొత్తాదని సెప్పినాను కదా బాబూ. ఆ పినాయిలు కంపుకి ఏ కుక్కొత్తాది? నిన్న సేపలు కడిగిన సముద్రం నీళ్ళు పోసినాను. సీకట్లో అలాగే మెరుత్తాయవి."

"శాప నీళ్ళన్నావు కదే..."

"సేప నీళ్ళు బాబూ. సేప. ఆనందపురపోడివి, నీకు తెల్దేటి?"

తెలుసు. పుట్టినప్పట్నుంచీ నేనూ సేపే అన్నాను. గుమస్తా అయ్యాక చొక్కాతోపాటు చెవులు కూడా ఇస్త్రీ చేయించుకున్నాను, అంతే.

తాతబాబు అక్క వైపు చూసి నిట్టూర్చాడు. "అయితే అప్పా, కుక్క నాది కాదా?"

"గడ్డి మీదే కానిచ్చింది కదరా. ఉండిపోనీ," అంది రత్నం. అని, లాంతరు నా కాళ్ళ వైపు దించింది.

గుమ్మం తడిగా ఉంది.

"మరి మిమ్మల్ని పంపించీమంటారేటి, సబ్బవరం?"