ఒక అంకె తక్కువ

జోసియాన్ మేకపాల చీజు కోస్తోందన్న మాటే గాని, చెవులు రెండూ కొండ రోడ్డు మీదే ఉన్నాయి. కూతురు నదేజ్, మొగుడు రెజీ పొద్దున్నే కాఫీ తాగి, పందెం దారి మరోసారి చూసి రావడానికి బండి తీశారు. రేపు ఆదివారం ఫ్రాన్సులోని ఈ అర్దెష్ కొండల్లో కార్ల పందెం. నదేజ్‌కి అదే మొదటిది.

ఆ బండి ప్యూజో 106 రాలీ. తెల్లటి చిన్న బండి. బరువు తగ్గాలని రేడియో పెట్టలేదు, చప్పుడు ఆపే మెత్తలు వేయలేదు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. చక్రం కింద గులకరాయి ఎగిరితే నెత్తిన పడ్డట్టే వినబడుతుంది.

"కండంతా ఒలిచేసి ఎముకలమ్మారు, మీరు ఎగబడి కొన్నారు" అని కొన్ననాడే దెప్పింది జోసియాన్.

"పరిగెత్తేది ఎముకలేనే" అని నవ్వాడు రెజీ.

పద్దెనిమిదేళ్ళు రెజీ పందేల్లో తోలాడు. నడుం పడిపోయాక ఇప్పుడు కూతురి పక్కన కూర్చుని దారి పుస్తకం చదువుతున్నాడు. అందులో ప్రతి మలుపుకీ ఒక అంకె. ఆరంటే కాలు తీయకుండా దూసుకుపోవచ్చు, ఒకటంటే దాదాపు ఆగి తిరగాలి. రెజీ రాత కోడి గెలికినట్టుంటుంది గనక శుద్ధప్రతి ఎప్పుడూ జోసియానే రాసేది. రాస్తూ ఒక దొంగపని చేసేది: ప్రతి అంకెలోనూ ఒకటి తగ్గించేది. ఐదు నాలుగైతే మొగుడు ముందే బ్రేకు తొక్కుతాడు, ఇల్లు చేరతాడు.

ఈసారి ఆ పని చేయలేకపోయింది. "అమ్మా, నేను రోడ్డు చూసి కాదు, నీ అక్షరం విని తోలతాను" అంది నదేజ్. జోసియాన్ ఉన్నది ఉన్నట్టే రాసిచ్చింది. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు.

బండి వచ్చింది. చప్పుడులోనే తేడా ఉంది, కిందేదో రేకు ఈడ్చుకొస్తోంది. నదేజ్ మొహం పాలిపోయి లోపలికొచ్చి పుస్తకం బల్లమీద విసిరింది.

"నాలుగో కిలోమీటరు దాటాక మలుపు నాలుగని, దారి రాసుకున్న రోజు నేనే నాన్నకి చెప్పాను. ఇవాళ ఐదని వినబడింది. వెనక చక్రాలు జారి, కింది రేకు రాళ్ళకి రాసుకుంది. రాతిగోడకి జానెడు దూరంలో ఆగాం. ఏం రాశావమ్మా?"

జోసియాన్ పుట తిప్పింది. నాలుగే ఉంది, గుండ్రంగా, ముత్యంలా.

నదేజ్ తండ్రివైపు తిరిగింది. రెజీ టోపీ తీసి నలుపుతున్నాడు.

"నేనే ఒకటి కలిపాను."

"కళ్ళు పోయాయా నాన్నా?"

"అలవాటే తల్లీ. మీ అమ్మ ఎప్పుడూ ఒకటి తగ్గిస్తుంది. ఇన్నేళ్ళూ ఒకటి కలుపుకునే తోలాను. నోరు దానంతటదే కలిపేసింది."

జోసియాన్ పుస్తకం మూసేసింది. "నీకు తెలుసా రెజీ?"

"మొదటి ఏడే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి మానేస్తావని. మానేస్తే ఆ భయం ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఈవిడ తీసేస్తుంది, ఈయన కలిపేస్తాడు, గోడకి కొట్టుకునేది నేను!" నదేజ్ అరిచింది. "ఒక్క మాట అనుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"నీకు మాత్రం సరిగ్గానే రాశానే" అంటూ కుర్చీలో కూలబడింది జోసియాన్. "బతుకులో ఒక్కసారి సరిగ్గా రాస్తే నిన్నే పొట్టన పెట్టుకోబోయాను." ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది.

నదేజ్ నేలమీద తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"రేపు వెళ్ళనా? నాన్నని కాదు, నిన్నే అడుగుతున్నా. ఉన్నదే చెప్పు."

వానొచ్చేలా ఉంది, రేకు వంగింది, వచ్చే ఏడు చూద్దాం... సాకులు నాలుక చివరిదాకా వచ్చాయి. జోసియాన్ మింగేసింది.

"నాకు చచ్చేంత భయంగా ఉందే" అంది. ఊపిరి పీల్చుకుని, "వెళ్ళు" అంది.

గుమ్మం దగ్గర రెజీ గొంతు సవరించుకున్నాడు. "నాకూ భయమే జోసియాన్. పక్కసీట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువ."

ఇన్నేళ్ళలో ఆ వంటింట్లో ఆ మాట ఎవరి నోటా రాలేదు. జోసియాన్ ఏప్రాన్ దించి, మొగుడి మొహంలోకి చూసి, పక్కనున్న కుర్చీ ముందుకు లాగింది.