మందుల గదిలో చదివే గొంతు

ఆ ఆసుపత్రిలో, పై అంతస్తు వరండా చివర, పాత మందుల గది ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. ఎప్పుడో ఒక నర్సు తప్పు ఇంజెక్షన్ ఇచ్చి, ఆ దిగులుతోనే పోయిందట. ఇప్పటికీ లోపల సీసాల మీద పేర్లు చదువుకుంటూ ఉంటుందట... ఊడ్చే ఆయా పట్టపగలు కూడా ఆ గుమ్మం దగ్గరే చీపురు ఆపేస్తుంది.

ఇది మా అక్కకి జరిగింది. తను చెప్పినట్టే చెబుతున్నాను.

అక్క అక్కడ నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉండేది. తను సూది వేస్తే పసిపిల్లలు కూడా ఏడవరు. కానీ అక్షరాలు తన కంటికి కుదురుగా నిలబడవు, ఈత కొడతాయి. డాక్టరు దానికి డిస్లెక్సియా అని పేరు పెట్టాడు. నాన్న బద్ధకం అని పెట్టాడు. తోటి పిల్లలు అక్కకే నత్త అని పెట్టారు. హెడ్ సిస్టర్ ఏ పేరూ పెట్టలేదు— "ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికే" అంది, అంతే.

ఆ రాత్రి వార్డులో ఒక ముసలాయనకి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ అయిపోయింది. పాత గదిలోంచి తేవాలి. తోడు రమ్మంటే తోటి ట్రైనీ పిల్ల దుప్పటి ముసుగేసింది.

"నీకెందుకే భయం, నత్తా? నువ్వు చేరేసరికి తెల్లారుతుంది. దెయ్యం కూడా పడుకుంటుంది."

ఏ మందైనా ఇద్దరు చూడాలి. ఒకరు పేరు చదవాలి, రెండో మనిషి సరే అనాలి. అక్క ప్రాణం ఆ రెండో మనిషి మీదే ఉండేది. ఇప్పుడు ఆ మనిషి లేదు.

తలుపు తోసింది. లైటు వెలగలేదు. వరండా వెలుతురుకి సీసా ఎత్తి, వేలు పెట్టి, మొదటి అక్షరం పలకబోయింది—

అరల వెనక ఎవరో చదువుతున్నారు.

ఒక అక్షరం. ఆగింది. ఇంకోటి... తడబడింది. మళ్లీ మొదటికొచ్చింది.

అక్క సీసాని గుండెకి హత్తుకుంది. దెయ్యానికి కాదట భయం. ఆ చదివే తీరు అచ్చం తనదే. చచ్చాక కూడా ఈ తిప్పలు వదలవా...

"ఎవరు?"

గొంతు ఆగిపోయింది. అరల సందులో తెల్లటి బట్ట కదిలింది. గుప్పిట్లో దాచిన టార్చి. ఆ వెలుగులో—

హెడ్ సిస్టర్.

రేపటి మందుల పేర్లు ఈ రాత్రే కూడబలుక్కుని బట్టీ పడుతోంది. ఇన్నేళ్లుగా, ఎవరూ రాని చోట.

"మీకూ... నిలబడవా సిస్టర్?"

ఆవిడ టార్చి పైకెత్తింది. అక్క చేతిలో సీసా అందుకుని, పెదాలు కదుపుతూ చాలాసేపు చూసింది. "ఇదే. వెళ్లు."

ముసలాయన గట్టెక్కాడు. అక్క ఆ రాత్రంతా దుప్పట్లో నవ్వుకుందట, లోకంలో తనలాంటి మనిషి ఒకరున్నారని.

పొద్దున్నే హెడ్ సిస్టర్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. మందు తేవడం ఆలస్యం చేసిందట. ఈ పనికి పనికిరాదట. సామాను సర్దుకోమన్నారు.

"సిస్టర్, రాత్రి ఆ గదిలో మీరే కదా..."

ఆవిడ తల ఎత్తలేదు.

"రాత్రిళ్లు ఆ గదిలో మనుషులుండరమ్మా," అంది మెల్లగా. "కావాలంటే ఎవర్నైనా అడుగు."