ప్రియులారా, బెల్టులు పెట్టుకొనుడి

"ప్రియులారా! దిగు సమయము ఆసన్నమైయున్నది. కలవరము నొందకుడి. బెల్టులు పెట్టుకొనుడి. సిద్ధపడుడి!"

హైదరాబాదు నుంచి బహ్రెయిన్ వస్తున్న ఆ చిన్న విమానంలో ఈ మాటలు వినబడ్డాయో లేదో, విమానం ఓ మబ్బులో దూరి గడగడా ఊగింది. కిటికీ పక్కన కూర్చున్న వీరమ్మ అనే పెద్దావిడ, పక్క సీటు అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని "ఓ బిడ్డా, టైమొచ్చిందట!" అని బావురుమంది.

ముందు కాక్‌పిట్‌లో కో-పైలట్ ఫిన్నీకి ఇదేమీ తెలియదు. జీవితంలో మొదటిసారి తెలుగులో అనౌన్స్‌మెంట్ ఇచ్చానన్న సంబరంలో ఉన్నాడు. విమానం దిగాక, పొగడ్తలు అందుకోవడానికి టై సరిచేసుకుని మరీ తలుపు దగ్గర నిలబడ్డాడు.

భుజాన బ్యాగుతో ఓ అమ్మాయి వచ్చి సరిగ్గా అతని ముందు ఆగింది. కళ్లు పెద్దవి. కోపం ఇంకా పెద్దది.

"ఆ అనౌన్స్‌మెంట్ ఇచ్చింది మీరేనా?"

"అవునండీ!"

"దిగుతున్నం, బెల్టు పెట్టుకోండ్రి అంటే సాలదా? సమయం ఆసన్నమైందంటరా? మా పక్క పెద్దమ్మ, కొడుక్కి చెప్పాల్సిన ఆఖరి మాటలన్నీ నాకు చెప్పింది!"

"అది... గౌరవంగా ఉంటుందని..."

"అంటే గౌరవంగా సావాల్నా సార్?"

ఆమె చరచరా దిగి వెళ్లిపోయింది. ఎయిర్‌హోస్టెస్‌లకు తెలుగు రాదు కాబట్టి ఫిన్నీ పరువు కొంచెం మిగిలింది.

తప్పు అతనిది కాదు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ అమ్మానాన్నలకు బహ్రెయిన్‌లోనే పుట్టాడు, అక్కడి ముహర్రక్‌లో పెరిగాడు. బళ్లో ఇంగ్లిషు, వీధిలో అరబ్బీ, హిందీ. ఇల్లు దాటితే తెలుగు విన్నది శుక్రవారం ప్రార్థన కూటంలోనే, అదీ బైబిలు తెలుగు. మైకు పట్టుకుంటే తెలుగు అలాగే మాట్లాడాలి కాబోలు అనుకున్నాడు, అంతే.

ఆ శుక్రవారం కూటం అయ్యాక తల్లి కృపమ్మ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. "ఒరేయ్, ఈ అమ్మాయి మెర్సీ. జగిత్యాల పిల్ల. మహూజ్‌లో పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేరింది."

అమ్మాయి అతన్ని చూసింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "సిద్ధపడుడి సారా!"

నవ్వితే ఆ పెద్ద కళ్లు సగమైపోతాయని ఫిన్నీ అప్పుడే గమనించాడు.

అలా మొదలయ్యాయి పాఠాలు. ఆమె వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేది, అతను యూనిఫాం వేసుకుంటూ వల్లె వేసేవాడు. "పెట్టుకొనుడి కాదు, పెట్టుకోండ్రి. సమీపించుచున్నాము కాదు, దగ్గరికొచ్చినం." మెల్లగా ప్రయాణికుల ముఖాలు మారాయి. సెలవు మీద ఇంటికి వెళ్లే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు దిగేటప్పుడు "మస్తు చెప్పినవ్ అన్నా" అని భుజం తట్టేవారు. ఆ సంగతి ఆమెకు చెప్పేదాకా ఫిన్నీకి టీ కూడా దిగేది కాదు.

"మీది విమానమా, రెక్కలున్న పల్లెవెలుగు బస్సా?" అందోసారి మెర్సీ. "పొద్దుగాల కువైట్, మధ్యాన్నం మస్కట్, మాపటికి ఇంటికి. ఒక్క స్టాపు ఇడిసిపెట్టరు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ మాట ఫిన్నీకి చెప్పులో రాయిలా గుచ్చుకుంది. నిజమే. అదే కువైట్, అదే మస్కట్. ఒళ్లో డబ్బా పెట్టుకుని తినే అదే చల్లారిన బిర్యానీ. తోటివాళ్లు సముద్రాలు దాటుతుంటే తను కాలువలు దాటుతున్నాడు. ఇంట్లో కూర్చుంటే కాళ్లు ఊరుకోవు. అరాద్ కోట పక్కన సముద్రపు ఒడ్డున నడుస్తాడు. నడుస్తుంటే నెత్తి మీదుగా విమానాలు దిగుతాయి. అవి చూస్తే మళ్లీ అదే అసహనం.

సరిగ్గా అప్పుడే ఇమ్తియాజ్ ఫోన్ చేశాడు. పాత సీనియర్, హైదరాబాదీ. ఇప్పుడు ఓ పెద్ద వ్యాపారస్థుడి సొంత జెట్ నడుపుతున్నాడు.

"మియా, మా దగ్గర కో-పైలట్ జాగా ఖాళీ ఉంది. జీతం డబుల్. ఇయ్యాల జెనీవా, రేపు మాల్దీవులు. కాకపోతే షెడ్యూల్ అని అడగకు. సేఠ్ ఎప్పుడు యల్లా అంటే అప్పుడు లేవాలె. ఒక ట్రిప్పు నాతోని వచ్చి చూడు. గురువారం దిగినంక జవాబు చెప్పు, ఖలాస్."

ఫిన్నీ ముందు మెర్సీకే చెప్పాడు. కూటం బయట, మెట్ల మీద, రెండు కరక్ చాయ్ కప్పుల మధ్య. వద్దంటుందేమోనని అతని ఆశ. కనీసం 'మరి శుక్రవారాలు?' అని అడుగుతుందేమోనని.

మెర్సీ కప్పులోకే చూసింది. "మంచిదే గదా. పోండ్రి." చాయ్ ఊదుకుంటూ అడిగింది, "అండ్ల అనౌన్స్‌మెంట్ ఉంటదా?"

"ఉండదు. ఒక్కరే ఉంటారు, నిద్రపోతుంటారు."

"అయితే ఇగ నా తెలుగుతోని మీకేం పని!" నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం సగం కాలేదు.

ఆమెకు పట్టింపే లేదని అతను అనుకున్నాడు. పాఠాల కోసమే వచ్చాడని ఆమె అనుకుంది. చాయ్ రెండు కప్పుల్లోనూ చల్లారిపోయింది.

గురువారం పొద్దున ఫిన్నీ జెట్ ఎక్కాడు. ఎంత అందంగా ఉందో! తోలు సీట్లు, వాటి మీద బంగారు అంచు దిండ్లు. సేఠ్ ఎక్కగానే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. పక్క సీట్లో, ప్రత్యేకమైన కర్ర మీద, కళ్లకు తోలు టోపీ తొడిగిన ఆయన డేగ. వేటకు రియాద్ ప్రయాణం. అంతే, ఇద్దరే ప్రయాణికులు.

జెట్ బాణంలా లేచింది. ఫిన్నీ గుండె కూడా లేచింది. ఇదీ ఎగరడమంటే!

రియాద్ దగ్గర పడింది. దిగడం మొదలైంది. అలవాటుగా అతని చెయ్యి మైకు మీదికి పోయింది. "అందరికి నమస్తే. దగ్గరికొచ్చినం. ఇగ బెల్టులు పెట్టుకోండ్రి..."

ఇమ్తియాజ్ అతన్ని వింతగా చూశాడు. "ఎవనికి చెప్తున్నవ్ మియా? డేగకా?"

వెనక్కి తిరిగితే తెరిచిన తలుపులోంచి డేగ కనిపించింది. టోపీ పెట్టుకున్న తలను కొద్దిగా పక్కకు వంచి శ్రద్ధగా వింటోంది. "మస్తు చెప్పినవ్ అన్నా" అనలేదు. సేఠ్ గురక మారలేదు.

ఫిన్నీ నవ్వాడు. ఆ నవ్వు ఎవరికి చెప్పాలా అని చెయ్యి జేబులో ఫోన్‌ను తడుముకుంది. ఆమెకే. ఇంకెవరికి?

తిరిగి బహ్రెయిన్‌లో దిగేసరికి మధ్యాహ్నం, వాన! ఏడాదికోసారి చుట్టంలా వచ్చే వాన. రోడ్లన్నీ చెరువులు. పిల్లలు, పెద్దలు, పోలీసులు కూడా ఫోన్లు పైకెత్తి మబ్బుల్ని ఫోటోలు తీస్తున్నారు. "మరి జవాబు?" అన్నాడు ఇమ్తియాజ్. ఫిన్నీ రన్‌వే మీదే చెప్పేశాడు. చెప్పి, చక్రాలు సగం నీళ్లలో మునిగిన కారులో మహూజ్‌లోని మెర్సీ క్లినిక్ వైపు దూసుకెళ్లాడు.

క్లినిక్‌లో రోగులు లేరు. డాక్టరు నీళ్లలో ఎక్కడో ఇరుక్కుపోయాడు. మెర్సీ ఒక్కతే ఉంది.

"ఏమైంది?"

"పన్ను నొప్పి."

"ఏ పన్ను?"

"అన్నీ."

ఆమె మాస్కు వేసుకుంది. "కూసోండ్రి. నోరు తెరువుండ్రి. డాక్టర్ వచ్చేదాంక మాట్లాడొద్దు." రెండు దూది ఉండలు బుగ్గల్లో కుక్కి, ఉమ్మి లాగే గొట్టం నోట్లో పెట్టింది. ఇక అతను ఏమన్నా 'ఆ, ఊ, ఓ' తప్ప రాదు.

"ఎట్లుంది కొత్త ప్లేను?"

"ఆ ఊ ఆ..."

"ఏందది? మళ్ల పాత తెలుగేనా?" మాస్కు పైన ఆ పెద్ద కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. "పోండ్రి. జెనీవా పోండ్రి. నాకేం బాధ లేదు. జరంత గూడ లేదు. శుక్రవారం మెట్ల మీద ఒక్కదాన్నే రెండు చాయ్‌లు తాగుత. పొద్దున్నే లేచి ఎవలికి మెసేజ్ పెట్టాలె, గోడకా? పల్లెవెలుగు అన్నది నేనే గదా. నా నోటికి బుద్ధి లేదు. ఆ బస్సు దినాం మాపటికి ఇల్లు చేరుతదనే గదా నాకు..."

కళ్లు నిండాయి.

ఫిన్నీ గొట్టం పీకేశాడు, దూది ఉమ్మేశాడు. "పోతలేను! ఖలాస్. చెప్పేసి వచ్చాను. డేగకి అనౌన్స్‌మెంట్ ఇచ్చాను మెర్సీ. దానికి నీ తెలుగు అర్థం కాలేదు."

"డేగకా?"

"కువైట్ విసుగే. బిర్యానీ చల్లారుతుంది. రేపు కూడా విసుగే పుడుతుంది, తెలుసు. కానీ దిగాక నీకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ జెట్‌లో ఏమీ దొరకలేదు." నేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. నోటికి వచ్చింది అన్నాడు. "మెర్సీ, నేను... నిన్ను ప్రేమించుచున్నాను!"

మెర్సీ మాస్కు బుడగలా ఉబ్బింది. పగలబడి నవ్వింది. కడుపు పట్టుకుని స్టూలు మీద కూలబడింది.

"ప్రేమిస్తున్న అనాలె. మళ్ల చెప్పు."

'చెప్పండ్రి' కాదు, 'చెప్పు'. ఫిన్నీకి ఆ ఒక్క మాట జెనీవా కంటే దూరంగా, ఎత్తుగా అనిపించింది.

"ప్రేమిస్తున్న."

"ఇప్పుడు సరిగున్నది. నేను గూడ."

కళ్లు సగమయ్యాయి. అప్పుడే అతని ఫోన్ మోగింది. కృపమ్మ.

"ఏరా, వాన పడుతుంటే ఎక్కడ తిరుగుతున్నావు? ఆ ఉద్యోగం ఏం చేశావు?"

ఫిన్నీ నోరు విప్పేలోగా మెర్సీ ఫోన్ లాక్కుంది. "ఆంటీ, నేను మెర్సీని. ఉద్యోగం పాతదే. ఇగ మీ కోడలి సంగతంటరా..." గొంతు సవరించుకుని, అచ్చం అతనిలాగే మొదలుపెట్టింది. "ప్రియులారా! సమయము ఆసన్నమైయున్నది. సిద్ధపడుడి!"

అవతల ఏదో గిన్నె కిందపడిన చప్పుడు. ఆ వెంటనే కృపమ్మ గొంతు, పట్టలేని సంతోషంతో:

"అమ్మాయ్, ఇంకొక్కసారి చెప్పు తల్లీ! స్పీకర్ పెట్టాను, మీ మావయ్య వినాలి!"