చిల్లుకార్డుల్లో చావుచీటీ

శౌరమ్మ కొడుకును శ్మశానం గోడకు బయట పాతిపెట్టారు. గుడి గంట మోగలేదు. పూజ చేసే గురువులు రాలేదు. ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి జక్కయ్య మాత్రం గోడకు లోపలివైపు నిలబడి, పని పూర్తయ్యేదాకా చూసి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఆమె ఉయ్యూరులో బస్సెక్కి, బెజవాడ గవర్నరుపేటలో ప్రైవేటు డిటెక్టివ్ వెంకటప్పయ్య ఆఫీసుకు వచ్చింది. అది 1978 ఫిబ్రవరి. చెరకు నరుకుళ్ళు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఆమె అరచేతుల మీద ఆకు కోసిన గీతలు ఇంకా ఆరలేదు.

"కూర్చోండమ్మా," అన్నాడు వెంకటప్పయ్య.

"కూర్చోడానికి రాలేదు బాబుగారూ. నా కొడుకు జాన్‌బాబు బందరు కాలవలో దూకి చచ్చాడంటున్నారు. ఆత్మహత్య చేసుకున్నోణ్ణి మా శ్మశానంలో పెట్టరు. కుక్కలు తిరిగే చోట పెట్టారు వాణ్ణి. నాకు వాడు గోడ లోపలికి రావాలి. అంతే. ఎవణ్ణి జైల్లో వేస్తారో, ఎయ్యరో నాకక్కర్లేదు."

"దూకలేదని మీకెలా తెలుసు?"

"సర్వేశ్వరుడికి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?"

వెంకటప్పయ్య సహాయకుడు ఇశ్రాయేలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు. తక్కినది ఒక్కొక్క మాటగా చెప్పింది.

జాన్‌బాబు గాంధీనగరంలోని ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాడు. భవానీపురంలో గది. ఉయ్యూరు వైపు ఒక ప్రైవేటు చక్కెర మిల్లుకు చెరకు తూకం చీటీలు ఆ సెంటర్లోనే అచ్చవుతాయి. కిందటేడు అక్కడికి కొత్త కంప్యూటర్ మిషన్ వచ్చింది. పాత మిషన్ కోసం అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టిన ప్రోగ్రాములను కొత్తదానికి మార్చడం జాన్‌బాబు పని. అతని శవం కాలవలో దొరికిన మర్నాడు, తూకం చీటీల ప్రోగ్రామును మిషన్ మీద పెట్టారు. చీటీల మధ్యలో ఎవరూ అడగని నాలుగు వరుసలు అచ్చయి వచ్చాయి. ఆ ప్రోగ్రాము కార్డుల నడుమ జాన్‌బాబే దాచిపెట్టిన చావుచీటీ అది అన్నారు.

దాని నకలు ఇన్‌స్పెక్టర్ ఆమెకు ఇచ్చాడు. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు.

"రైతుల తూకంలో కోత పెట్టింది నేనే. ఆ పాపం మోయలేను. యెహోవా నన్ను క్షమించుగాక."

చివర జాన్‌బాబు పేరు. పేరుకు ముందు ఒక శాతం గుర్తు, పేరు తరవాత కొక్కెంలాంటి మరో గుర్తు.

"తూకంలో కోత నిజమేనా?" అని అడిగాడు వెంకటప్పయ్య.

"నిజమే బాబూ. మిల్లువాళ్ళు కాటా దగ్గర రాసిందానికీ, చీటీలో పడినదానికీ తేడా ఉందని ఇప్పుడు ఒప్పుకున్నారు. నాదీ ముప్పాతిక ఎకరం కౌలు చెరకు. నాలుగు వందల పదిహేడో నంబరు. బండి ఎంత నింపినా తక్కువే. 'నీ ఎడ్లు దారిలో సగం మేసేశాయి ముసలమ్మా' అని కాటా దగ్గర నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని."

ఆమె వరండాలోకి వెళ్ళాక ఇశ్రాయేలు గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, పాపం ఆవిడకి చెప్పలేకపోయాను గానీ, చీటీ నిజమైందేననిపిస్తోందండి. అచ్చం మా నాన్న ప్రార్థన చేసినట్టే ఉంది."

"మీ నాన్నగారు ఏ సంఘం?"

"బాప్టిస్టు సార్."

"అచ్చం మీ నాన్నలాగే ఉందంటావు," అన్నాడు వెంకటప్పయ్య. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం శవపరీక్ష చేసిన డాక్టరును కలిశారు. డాక్టరు అన్నం తింటూనే చెప్పాడు.

"ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయి. అంటే నీళ్ళలో పడేసరికి ప్రాణం ఉంది. తల వెనక పెద్ద దెబ్బ. ఆ దెబ్బకి తెలివి తప్పి ఉంటుంది. దూకినప్పుడు రేవు మెట్టు తగిలిందని పోలీసులు రాసుకున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. నన్నెవరూ అడగలేదు."

కంప్యూటర్ సెంటర్ గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి. గది చల్లగా ఉంది. ప్రోగ్రాముల విభాగానికి పెద్ద తిరుపతిరావు. నలభై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఆయనే టైపు చేసిన ఉత్తర్వులు గోడ నిండా ఉన్నాయి. ప్రతిదాని కిందా సంతకం, సంతకం కింద బ్రాకెట్లలో పేరు.

"డిటెక్టివు గారా! మా ఊళ్ళో కూడా ఉన్నారన్నమాట. ఏం కావాలండీ?"

"జాన్‌బాబు చేసే పని ఏమిటో చెప్పండి."

"గుమాస్తా పని. పాత పంచింగ్ మిషన్ మీద కొట్టిన కార్డుల్లో అక్షరాలు, అంకెలు కొత్త కంప్యూటర్ మిషన్‌కు సరిపోతాయి. గుర్తులు సరిపోవు. పాతదాని మీద బ్రాకెట్ కొడితే కొత్తది దాన్ని శాతం గుర్తుగా చదువుతుంది. అలాంటివి ఏరి సరిచేయాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఏడాదిగా పొద్దస్తమానం అదే చేశాడు."

"ఆ పాత పంచింగ్ మిషన్ ఎక్కడుంది?"

"నా గదిలో. ఇక ఎవరూ వాడరు. తాళం నా మొలతాడుకే ఉంటుంది. ముట్టుకుంటే పాడుచేస్తారని."

హాల్లో కొత్త పంచింగ్ మిషన్ ముందు అమలమ్మ కూర్చుని ఉంది. కార్డులకు చిల్లులు కొట్టే ఉద్యోగి ఆమె ఒక్కతే. జాన్‌బాబూ ఆమే ఒకే గుడికి వెళ్ళేవారు.

"ఆ నాలుగు కార్డులూ మీరు కొట్టారా?"

"లేదండీ."

"జాన్‌బాబు కొట్టడం చూశారా?"

"లేదండీ. ఇన్‌స్పెక్టర్ గారు కూడా ఇదే అడిగారు. అతను కొట్టకపోతే నువ్వే కొట్టావు, ఇంకెవరికి వచ్చు అన్నారు."

వెనక నుంచి తిరుపతిరావు నవ్వాడు. "పెళ్ళి చేసుకుంటానని వాడు మాటివ్వలేదని ఈ హాల్లోనే ఏడ్చిందండీ ఈ పిల్ల. అడగండి, చెప్పవే అమలా! చీటీ కొట్టిందో, కాలవలోకే తోసిందో, మనకేం తెలుసు!"

అమలమ్మ మిషన్ మీద చేతులు అలాగే ఉంచి తల వంచుకుంది. "మాటిచ్చాడు సార్," అంది నెమ్మదిగా. "ఈస్టర్ అయ్యాక అన్నాడు."

వెంకటప్పయ్య తూకం ప్రోగ్రాము కార్డుల కట్ట తీయించాడు. మధ్యలో ఒక కార్డు దగ్గర ఆగాడు. దాని పైఅంచున అచ్చయిన ఇంగ్లీషు మాటలు చదివాడు. సమ్, టాక్స్, నెట్, మాక్స్.

"ఇవేమిటండీ?"

"ప్రోగ్రాములో వాడుకునే పేర్లు. కూడిక, పన్ను, నికరం, గరిష్ఠం. ప్రతి ప్రోగ్రాములోనూ ఉంటాయి. మీకు అర్థం కావులెండి," అన్నాడు తిరుపతిరావు.

"అర్థం కావు," అని వెంకటప్పయ్య ఆ కార్డును కిటికీ వెలుగుకెత్తి, చిల్లుల వంక చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున అందరినీ ఆ హాల్లోనే సమావేశపరిచాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కు వాలి కూర్చున్నాడు. జక్కయ్య ఎవరికీ తగలకుండా ఒక మూల నిలబడ్డాడు. శౌరమ్మ నేల మీదే కూర్చుంది. అమలమ్మ కుర్చీ తెచ్చినా అక్కర్లేదంది.

"ముందు తూకం సంగతి," అన్నాడు వెంకటప్పయ్య. "ఇన్‌స్పెక్టర్ గారూ, కార్డు మీద అంకెకు ఒక్క చిల్లు. అక్షరానికి రెండు. అంకె చిల్లు ఒకటి, దానికి తోడు పై వరుసల్లో మరొకటి. పై చిల్లు లేదనుకుంటే ప్రతి అక్షరం అడుగునా ఒక అంకె దాగి ఉంటుంది. మాక్స్ అనే మాట తీసుకోండి. ఎం కింద నాలుగు. ఏ కింద ఒకటి. ఎక్స్ కింద ఏడు."

నేల మీద నుంచి శౌరమ్మ తలెత్తింది. "నా నంబరు," అంది.

"మీ నంబరేనమ్మా. టాక్స్ అంటే మూడు వందల పదిహేడు. నెట్ అంటే అయిదు వందల యాభై మూడు. నిన్న సాయంత్రం ఇశ్రాయేలు మిల్లుకు వెళ్ళి చూసి వచ్చాడు. అందరూ వేలిముద్ర రైతులే. చీటీ చదువుకోలేనివాళ్ళు. కంటికి అవి ప్రోగ్రాము మాటలు. మిషన్‌కు మాత్రం ఎవరి తూకం కోయాలో చెప్పే నంబర్లు. ఆ కోసిన తూకమంతా తిరుపతిరావు గారి బావమరిది పేరున పడుతోంది."

"ఆ కార్డు పెట్టింది జాన్‌బాబే!" అన్నాడు తిరుపతిరావు. "నా బంధువు పేరు వాడుకున్నాడు. నన్ను ఇరికించడానికి!"

"కన్నతల్లి తూకం కోసుకున్నాడా?"

తిరుపతిరావు శౌరమ్మ వైపు మొదటిసారి చూశాడు. ఆమె నంబరు ఆయనకు తెలుసు. ఆమె ఎవరి తల్లో ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"ఇక చావుచీటీ," అన్నాడు వెంకటప్పయ్య. "చేత్తో రాస్తే చేతిరాత పట్టిస్తుంది. చిల్లులకు చేతిరాత ఉండదు. అందుకని కార్డుల మీద కొట్టారు. కాని పేరుకు ముందు శాతం గుర్తు పడింది. పాత మిషన్ మీద బ్రాకెట్ కొడితే కొత్త కంప్యూటర్ అలాగే చదువుతుందని తిరుపతిరావు గారే నాకు చెప్పారు. మూసే బ్రాకెట్‌కు ఆ కొక్కెం పడుతుంది. అంటే చీటీని పాత మిషన్ మీద కొట్టారు. ఏడాదిపాటు ఆ గుర్తులే ఏరిన కుర్రాడు తన పేరు చుట్టూ వాటిని వదిలిపెడతాడా?"

"ఎవరైనా పొరపాటు పడొచ్చు."

"పడ్డారు. ప్రోగ్రాములో అయితే మీరు జాగ్రత్తపడేవారు. ఇది తెలుగు చీటీ. కింద పేరు రాసేటప్పుడు మీ వేళ్ళు ఈ గోడ మీది ఉత్తర్వుల అలవాటు ప్రకారం బ్రాకెట్లు పెట్టేశాయి. అది మీకే తెలియలేదు. హాల్లో కొత్త పంచింగ్ మిషన్ మీద కొడితే అమలమ్మ చూస్తుంది. అందుకని మీ గదిలో పాతదాని మీద కొట్టారు. దాని తాళం మీ మొలతాడుకే ఉందని మీరే అన్నారు."

"తాళం కాజేసి ఉండొచ్చు. ఈ పిల్లే కాజేసి ఉండొచ్చు! క్రైస్తవుల మాట క్రైస్తవులకే వస్తుంది. యెహోవా అని నేనెందుకు రాస్తాను?"

వెంకటప్పయ్య మూలకు తిరిగాడు. "ఉపదేశి గారూ, మీ ఆర్సీయం వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు, యెహోవా అని తలుచుకుంటారా?"

జక్కయ్య చీటీ మీద ఏముందో అప్పటిదాకా చూడలేదు. ఇశ్రాయేలు చేతిలోని కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"అనమండీ," అన్నాడు. "సర్వేశ్వరుడంటాం. పసిపిల్లలు కూడా అంతే. యెహోవా అనేది ప్రొటెస్టెంటు వాళ్ళ మాట."

"నాకు నిజంలా వినిపించింది అందుకేనన్నమాట సార్," అన్నాడు ఇశ్రాయేలు. అతని ముఖంలో మెప్పు, సిగ్గు కలిసి ఉన్నాయి.

"అమలమ్మ రాసినా, జాన్‌బాబు రాసినా ఆ మాట పడదు. క్రైస్తవులందరూ ఒకటేననుకున్నవాడు రాశాడు. స్వస్థత కూటాల మైకుల్లో విన్న మాట రాశాడు. అయిదేళ్ళు పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు తిరుపతిరావు గారూ. అతను ఏ గుడికి వెళ్తాడో ఒక్కసారీ అడగలేదా?"

"ఎందుకడగాలి?" అన్నాడు తిరుపతిరావు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో నిటారుగా కూర్చుని తాళం కోసం చెయ్యి చాపాడు. తిరుపతిరావు మొలతాడు నుంచి తాళం విప్పి ఇచ్చాడు. తరవాత ఎవరూ అడగకుండానే మాట్లాడాడు.

"వాడు ముందు నా దగ్గరికే వచ్చాడు. 'ఎవరో మీ ప్రోగ్రాము పాడుచేశారు సార్, మీకు చెప్పకుండా ఎవరికీ చెప్పలేదు' అన్నాడు. నేనంటే అంత గౌరవం. కాలవ గట్టు మీద నడుస్తూ మాట్లాడుకుందాం రమ్మన్నాను. రాయి అక్కడే దొరికింది. 'మా అమ్మ కూడా... సార్' అని ఏదో చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు." ఆయన చొక్కా చేతులు సరిచేసుకున్నాడు. "ఒక ముసలిదాని బండెడు చెరకు. దానికింత రాద్ధాంతం."

శౌరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. లేచి జక్కయ్య ముందుకు వెళ్ళి నిలబడింది.

"విన్నావుగా జక్కయ్యా."

"విన్నాను శౌరమ్మా." అతను వెంకటప్పయ్య వైపు తిరిగాడు. "ఖాయమేనా అండీ? తవ్వాక మళ్ళీ కాదంటే ఊళ్ళో మాట పడేది నేనే."

"ఖాయమే," అన్నాడు వెంకటప్పయ్య.

కలెక్టరాఫీసు అనుమతి కాగితం వచ్చాక గోరీ తవ్వారు. తవ్వేవాళ్ళు ముఖాలకు తువాళ్ళు కట్టుకున్నారు. పెట్టె ఒక మూల విరిగింది. గోడకు గుమ్మం అటు చివర ఉంది. అంత దూరం మోయలేమని, గోడ మీది నుంచే అందుకుని లోపలికి దించారు. అమలమ్మ మోకాళ్ళూని కూర్చుంది. గురువులు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు.

శౌరమ్మ వెంకటప్పయ్య దగ్గరికి వచ్చింది.

"బాబుగారూ, ఒక్క మాట. కోర్టులో ఎలాగూ వింటాను. ముందు మీరు చెప్పండి. నీళ్ళలో పడేసరికి వాడు బతికే ఉన్నాడా?"

ఇశ్రాయేలు తల పక్కకు తిప్పుకున్నాడు.

"బతికే ఉన్నాడమ్మా," అన్నాడు వెంకటప్పయ్య.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ముఖంలో మొదటిసారి కొంచెం తెరిపి కనిపించింది.

"అయితే జపం చెప్పుకునే వ్యవధి ఉంది వాడికి," అంది. "చెప్పుకునే ఉంటాడు. మరిచిపోయే పిల్లోడు కాదు."

డాక్టరు మాటల్లో మిగతా సగం, దెబ్బకి తెలివి తప్పి ఉంటుందన్నది, వెంకటప్పయ్య చెప్పలేదు. వంగి గుప్పెడు మట్టి తీసి ఆమె చేతిలో పెట్టాడు.