చివరి వరసలో నల్ల బండి

ఆ యార్డులో పాత బండ్లు నూట యాభై దాకా ఉండేవి. పగలైతే ఎవరొచ్చి ఏ బండినైనా తట్టి చూడొచ్చు, ఎక్కి కూర్చోవచ్చు, నోరు నొప్పి పుట్టేదాకా బేరమాడొచ్చు. కానీ పొద్దు వాలాక చివరి వరస వైపు మాత్రం ఎవరూ వెళ్లేవారు కాదు.

అక్కడ, వెనక గోడ పక్కన, ఒక నల్ల ఎస్‌యూవీ నిలబడి ఉండేది. మూడు వరసల సీట్లు, ఛాతీ ఎత్తున బానెట్టు. బండి అనడం కంటే చక్రాలున్న గది అనొచ్చు.

రాత్రయితే అందులోకి ఎవరో ఎక్కుతారని చెప్పుకునేవారు. లైట్లు వాటంతటవే వెలుగుతాయట. తాళాలు టక్కుమని లేస్తాయట. డ్రైవరు సీటు — ఎవరో పొడుగాటి మనిషి కాళ్లు చాపుకున్నట్టు — మెల్లగా వెనక్కి జరుగుతుందట...

ఆరు నెలల్లో ఇద్దరు వాచ్‌మన్లు చెప్పాపెట్టకుండా మానేశారు. మూడో ఆయన మానలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, చివరి వరసకి వీపు పెట్టి కాపలా కాసేవాడు. ఆ వైపు నుంచి దొంగలొస్తే ఆయనకి సంబంధం లేదన్నమాట.

ఇలాంటి బండిని కొనడానికి వచ్చింది సిస్టరమ్మ.

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి రిజిస్టర్లోనే మిగిలిపోయింది. ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసి, అందులో సగం నైట్ డ్యూటీలు మోసి, హెడ్ నర్సుగా రిటైరైంది. భర్త టైలరు. ఆయన లోకమంతా కుట్టు మిషనుకీ కిటికీకీ మధ్యే. పోయినేడాది ఆయన గుండెకి చిన్న గొట్టం వేశారు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని సిస్టరమ్మ ఒకటి నిశ్చయించుకుంది — ఈయన కళ్లకి సముద్రమూ, మంచూ, ఎడారీ చూపించాల్సిందే. ఇప్పుడు కదలకపోతే ఇక కదిలేది లేదు. హోటళ్లకి డబ్బు పోస్తూ కూర్చుంటే నాలుగు ఊళ్లు కూడా తిరగలేరు కాబట్టి, పడుకోవడానికి వీలైన బండి కావాలి.

అంత బండి ఎక్కడ చూసినా ధర చుక్కల్లో ఉంది. వాళ్ల దగ్గరున్న డబ్బుకి వచ్చేది దెయ్యమున్న బండి ఒక్కటే.

యార్డు ఓనరుని అందరూ గ్యారంటీ అని పిలిచేవారు. నోరు విప్పితే ఆ మాటే. "ఇంజను గ్యారంటీ సిస్టరమ్మా, గేరుబాక్సు గ్యారంటీ..."

"మరి దెయ్యం?" అందావిడ.

ఆయన చెవి గోక్కున్నాడు. "అది... ధరలో తగ్గించేశాం కదమ్మా."

బండిని పరీక్షించడానికి సిస్టరమ్మ తన మరిదిని తీసుకొచ్చింది. పాతికేళ్లుగా మెకానిక్కు. ఆయన పొద్దున్నే వచ్చి ముందు బానెట్టు మీద చెయ్యి వేసి చూశాడు, చల్లగా ఉందా లేదా అని. వేడెక్కిన ఇంజను ఎన్ని అబద్ధాలైనా ఆడుతుందట. తర్వాత చాప పరుచుకుని బండి కిందికి దూరి, చట్రానికి తుప్పు పట్టిందేమోనని స్క్రూడ్రైవరుతో గీకాడు. సీటుబెల్టులు చివరిదాకా లాగి, మొదట్లో బురద మరకలున్నాయేమో వెతికాడు. కార్పెట్ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూశాడు. వరదలో మునిగిన బండి ఎంత కడిగినా అక్కడ దొరికిపోతుంది. గేరుబాక్సు ఆయిలు వేలికి రాసుకుని, అది మాడలేదని తేల్చాడు. ఆ తర్వాత సిస్టరమ్మ తోలింది. ఒకప్పుడు అంబులెన్సు డ్రైవరు సరదాకి నేర్పిన విద్య అది. ఎత్తు ఎక్కించి, గుంతల్లో దింపి, బ్రేకు తొక్కి చూసింది.

మధ్యాహ్నానికి మరిది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"వదినా, టైర్లు ముసలివైపోయాయి, మార్చాలి. బ్యాటరీ కాస్త నీరసంగా ఉంది. అంతే. ఒక్క దెయ్యం తప్ప దీనికి ఏ రోగమూ లేదు."

"అయితే ఆ రోగం సంగతి నేను చూసుకుంటా," అందావిడ. గ్యారంటీ వైపు తిరిగి, "ఈ రాత్రికి మేం ఇందులోనే పడుకుంటాం. రేపు రోడ్ల మీద పడుకునేది ఇందులోనే కదా. పొద్దున్న లేచి చెబుతా, కొంటానో లేదో."

గ్యారంటీ నోట మాట రాలేదు. టైలరు నోట వచ్చింది గానీ, అది ఎవరికీ వినిపించలేదు.

రాత్రి పదయింది.

వెనక సీట్లు మడిచి, పరుపు పరిచి, ఇద్దరూ పడుకున్నారు. కాళ్లు చాపుకోవడానికి చోటు సరిపోయింది. సిస్టరమ్మ అది కూడా లెక్కలోకి తీసుకుంది. వాచ్‌మన్ గేటు దగ్గర యథాప్రకారం వీపు తిప్పి కూర్చున్నాడు. చుట్టూ బండ్లన్నీ చీకట్లో మూగజీవాల్లా ఉన్నాయి.

"ఏమే..." అన్నాడు టైలరు గుసగుసగా.

"పడుకోండి."

"ఒకవేళ నిజంగా వస్తే?"

"వస్తే చెబుతాం, సీటు ఖాళీ లేదని."

పదిన్నర దాటింది. టైలరు ఊపిరి కాస్త కుదుటపడింది. ఇంతలో —

టక్.

నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే లేచాయి.

లోపల లైటు వెలిగింది. బయట అద్దాలు రెండూ, నిద్రలేచిన జంతువు చెవుల్లా, మెల్లగా విచ్చుకున్నాయి. ఆ తర్వాత ముందు నుంచి సన్నటి చప్పుడు... జ్‌జ్‌జ్... డ్రైవరు సీటు వెనక్కి జరుగుతోంది. ఎవరూ లేరు. జరుగుతోంది. జరిగి, జరిగి, టైలరు తలకి జానెడు దూరంలో ఆగింది.

ఆయన అరవలేదు. అరవడానికి కూడా కాస్త ధైర్యం కావాలి. భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ, అలవాటు కొద్దీ, ఆయన నాడి పట్టుకుంది. నూట ఇరవై. ఫరవాలేదు అనుకుంది. తన నాడి మాత్రం చూసుకోలేదు.

అప్పుడు తల ఎత్తి అద్దంలోంచి బయటికి చూసింది.

గోడ అవతల ఒక పాత మేడ. రెండో అంతస్తు బాల్కనీలో — పొడుగ్గా, తెల్లగా, కదలకుండా — ఒక ఆకారం. చెయ్యి ముందుకి చాచి ఉంది. తిన్నగా... ఈ బండి వైపే.

సిస్టరమ్మ లేచి కూర్చుంది. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్ని శవాల కళ్లు మూసిందో లెక్క లేదు. చచ్చినవాళ్లు ఏనాడూ ఆవిడ జోలికి రాలేదు. భయపెట్టినవాళ్లంతా బతికున్నవాళ్లే. ఆ మాట గుర్తు చేసుకుని, భర్త చెయ్యి విడిపించుకుని, పక్క తలుపు తోసింది.

తలుపు తెరుచుకోగానే కింద మెట్టు బుసకొట్టినట్టు బయటికి వచ్చింది. ఆవిడ తెల్ల నైటీ అంచు పట్టుకుని, మోకాలు నొప్పికి నెమ్మదిగా, ఒక్కో కాలూ దింపింది. తలుపు మూసి, నిలబడి పైకి చూసింది.

బాల్కనీలో ఆకారం వణికింది. చాచిన చెయ్యి వాలిపోయింది.

"వచ్చావా?" అంది.

ముసలి గొంతు. మగ గొంతు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతు.

"ఎన్నాళ్లయిందే... రోజూ తలుపు తీస్తున్నాను. ఇన్నాళ్లకి దిగావా?"

సిస్టరమ్మకి అంతా అర్థం కాలేదు గానీ, కొంత అర్థమైంది. రాత్రి వార్డుల్లో ఇలాంటి పిలుపులు ఆవిడ చాలా విన్నది. అమ్మా అని పిలిచినవాళ్లకి అమ్మగా, అక్కా అని పిలిచినవాళ్లకి అక్కగా పలికింది. అర్ధరాత్రి వేళ మనిషితో కాదని వాదించకూడదు. అది ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవకుండా నేర్చుకున్న పాఠం.

"వచ్చాను," అంది మెల్లగా. "చలిగా ఉంది. లోపలికెళ్లి పడుకోండి."

"నువ్వో?"

"నేనూ వస్తా. మీరు వెళ్లండి ముందు."

ఆకారం తల ఊపింది. చేతిలో ఏదో నొక్కింది. టక్ — బండి తాళాలు పడ్డాయి. అద్దాలు ముడుచుకున్నాయి. బాల్కనీ తలుపు మూసుకుంది.

ఇదంతా లోపలున్న టైలరుకి వేరేలా కనిపించింది. భార్య దిగింది, చీకట్లో ఎవరితోనో మాట్లాడింది, బండి దానంతటదే తాళం వేసుకుంది. తను ఒక్కడే లోపల! ఆయన రెండు చేతులా తలుపు పిడి గుంజి బయటికి తోశాడు. బయటి నుంచి తాళం పడ్డ బండిని లోపలి నుంచి తెరిస్తే ఊరుకుంటుందా... యార్డంతా దద్దరిల్లేలా అలారం మోగింది.

టైలరు చెప్పుల్లేకుండా గేటు దాకా పరిగెత్తాడు. అక్కడ వాచ్‌మన్ ఉంటాడన్న ఆశతో. అక్కడ కుర్చీ మాత్రమే ఉంది, అది కూడా తిరగబడి.

పొద్దున్న మరిది విషయమంతా విని పకపకా నవ్వాడు.

"ఇంత పెద్ద బండ్లలో అది మామూలే వదినా. ఎవరి రిమోట్ తాళానికి వాళ్ల కొలత. ఆ తాళం నొక్కితే సీటు ఆ మనిషికి తగ్గట్టు జరుగుతుంది. అన్నయ్యని ఇంత హడలగొట్టింది ఎవరి దగ్గరో ఉన్న రెండో తాళమన్నమాట!"

గ్యారంటీని నిలదీస్తే నిజం కక్కాడు. బండి ఆ మేడలోని పెద్దాయనదే. దూరాలు తిరగడానికి మొగుడూ పెళ్లాం కొనుక్కున్నారు. ఒక ప్రయాణంలో, దారిలోనే, ఆవిడ వెనక సీట్లో నిద్రపోయినట్టే పోయింది. ఆయన చూపు మందగించాక కొడుకు వచ్చి, యార్డు దగ్గర్లో ఉందని ఇక్కడే అమ్మేసి, తిరిగి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. పెద్దాయన ఒక్కడే ఉంటున్నాడు.

"రాత్రిళ్లు ఆయనే తాళం నొక్కుతున్నాడని మీకు ముందే తెలుసా?" అంది సిస్టరమ్మ.

"తెలిస్తే అంత తక్కువకి ఎందుకిస్తానమ్మా? తాళం సంగతి ఇప్పుడే వింటున్నా." ఆయన ముఖం మాడిపోయింది. దెయ్యం లేని బండిని దెయ్యం ధరకి ఒప్పుకున్నానే అన్న బాధ అది. కానీ సిస్టరమ్మ అప్పటికే కాగితాల మీద సంతకం పెట్టించేసుకుంది. రాత్రి జరిగింది ఆయనకి చెప్పకముందే పెట్టించుకుంది. ఆవిడ నర్సే గానీ సన్యాసిని కాదు.

ఇక మిగిలింది పెద్దాయన దగ్గరే ఉండిపోయిన రెండో తాళం. బండిని మేడ ముందుకి తోలి, భర్తని అందులోనే కూర్చోబెట్టి, ఆవిడ ఒక్కతే మెట్లెక్కింది.

పెద్దాయన తలుపు తీశాడు. గుమ్మానికి తల తగిలేంత పొడుగు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. మనిషి ముఖం వెలిగిపోతోంది. ఆవిడ తను ఎవరో, ఎందుకు వచ్చిందో చెప్పింది. రాత్రి సంగతి ఎలా విప్పి చెప్పాలో దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. బండిలోంచి దిగింది నేనేనండీ, తప్పుగా అనుకోకండి — ఇలా మొదలుపెడదామనుకుంది.

ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

"తీసుకోండమ్మా," అని తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇక నాకు దీనితో పనిలేదు. మా ఆవిడ రాత్రి వచ్చేసింది."

సిస్టరమ్మ తాళాన్ని పిడికిట్లో మూసుకుంది.

"కొంచెం లావెక్కింది," అన్నాడాయన మురిపెంగా. "మోకాలు కూడా పట్టేసినట్టుంది. దిగడానికి ఎంతసేపో!"

ఆవిడకి నవ్వొచ్చింది, ఉక్రోషం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది. "అయ్యగారూ, అసలు రాత్రి..."

"ష్..." ఆయన పెదవుల మీద వేలు పెట్టాడు. "కాస్త నెమ్మదిగా, తల్లీ. బాగా అలసిపోయి వచ్చింది. ఇప్పుడే కునుకు పట్టింది."

వెనక గది తలుపు ఓరగా వేసి ఉంది. అవతల చీకటి.

పాపం, అనుకుంది సిస్టరమ్మ. ఇక చెప్పి ప్రయోజనం లేదు. చేతులు జోడించి వెనుదిరగబోయింది.

అప్పుడు ఆ గదిలోంచి, నిద్రమత్తులో ఉన్న ఆడమనిషి గొంతు —

"ఎవరండీ?"

"ఎవరో బండి తాళం కోసం వచ్చారు," అన్నాడు పెద్దాయన అటు తిరిగి, మామూలుగా. "నువ్వు పడుకో."

రెండు అంతస్తుల మెట్లు మోకాళ్ల నొప్పి మనిషి ఎంతసేపట్లో దిగగలదో సిస్టరమ్మకి ఆ రోజే తెలిసింది. వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ముందు తలుపులన్నిటికీ తాళం వేసి, ఆ తర్వాత బండి స్టార్ట్ చేసింది.

"ఇచ్చాడా?" అన్నాడు టైలరు.

"ఇచ్చాడు."

"పాపం, ఒక్కడే ఉంటాడటగా ఆ పెద్దాయన?"

ఆవిడ మేడ వైపు చూడకుండా గేరు వేసింది.

"ముందు ఎక్కడికే?"

"ఎక్కడికైనా సరే," అంది. "సీటుబెల్టు పెట్టుకోండి."